గోకొద్దన్న తొట్టెల

హలో… ఆ, నేనే. చెప్పు వసుధా.

… ఏందీ? ఏం వినపడ్తలేదు. జెర గట్టిగ మాట్లాడు. ఆ సప్పుడేంది? మౌలాలిల మీ ఇంట్ల బోరు గిట్ల వేయిస్తున్నరా?

— మిషనా? ఏం మిషను?

… రంగు గోకే మిషను. విజయేందర్ కిరాయికి తెచ్చిండు. బాగుంది. రిటైరైనంక నా తమ్మునికి ఇది మూడో మిషను.

దేనికి పెడ్తున్నడు?

… తొట్టెలకా? మేమందరం ఊగిన, మా నాయిన చేసిన తొట్టెలకా!

లేదు, కోపం లేదు… లేదంటున్న గదా. అడిగినదానికి జవాబు చెప్పు. ఏడ కూసొని గోకుతున్నడు? … హాల్ల. నీ బిడ్డ యోగిత ఏడుంది? … పక్క అర్రల. పసిబిడ్డ? … తల్లి పక్కనే. తలుపు? … తీసే ఉంది. ఫ్యాను? … తిరుగుతుంది.

వసుధా, నీ పెండ్లై ఇరవై తొమ్మిదేండ్లాయె. ఆడబిడ్డనని నీకు ఒక్కనాడన్న ఆర్డర్ వేసిన్నా?

… సరే, వేసిన. లెక్క చెప్పకు. ఇంకొకటి వేస్తున్న. పోయి ఆ మిషను ప్లగ్గు పీకెయ్యి. వాన్ని అడగకు. అడిగితే "ఐదు నిమిషాలే" అంటడు. పీకెయ్యి, అంతే. నేను లైన్ల ఉంట.

…

…

పీకినవా? శభాష్. ఏమంటున్నడు? … కరెంటు పోయిందనుకుంటున్నడా? అనుకోనీ. వానికి తెలిసేలోపల మనం నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు.

ఫ్యాన్లు బంద్ చెయ్యి. యోగిత అర్ర తలుపు ముయ్యి, కింద సందుల తడి తువ్వాల పెట్టు. హాలు కిటికీలు తెరువు. చీపురు మాత్రం ముట్టకు… ముట్టకు అంటున్న గదా! చీపురు పెడితే కింద పడ్డదంతా లేచి మళ్ల ముక్కులకే పోతది. తడిబట్టతోనే తుడువు. తుడిచిన బట్టను కవర్ల మూట కట్టి పారెయ్యి. పాతది గాదు వసుధా, పారేసే బట్ట. నువ్వు పాత బట్ట అంటే మళ్ల ఉతికి దాచిపెడ్తవు.

… ఎందుకంటే అండ్ల సీసం ఉంటది. ఆ కాలం ఎనామిల్ రంగులల్ల కలిపేటోళ్లు. రంగు రంగుగ ఉన్నప్పుడు ఏం గాదు. పొడి జేస్తేనే పిండి లెక్క లేచి గాలిల తేల్తది. పెద్దోళ్లకే మంచిది గాదు, ఇగ పదహారు రోజుల పిల్లకు…

ఏడ్వకు. ఏడ్వకు, ఎంతసేపు గోకిండు? … పది నిమిషాలు. ఒక్క పక్క పలకనే. సరే. పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు, ఆమె ఏం చెయ్యమంటే అది చేద్దాం. విజయేందర్ తానం చేసి, బట్టలు మార్చుకున్నంకనే మనవరాలి దిక్కు పోవాలె. వాని బట్టలు పిల్ల బట్టలతోని కలపకు.

… ముక్కుకు దస్తీ కట్టుకున్నడా? దస్తీ సీసాన్ని ఆపదు. వాని మాటలనే ఇన్నేండ్లల ఆపలేదు.

— ఎవరు? … ప్లగ్గు సంగతి తెలిసిపోయిందా? స్పీకర్ల పెట్టు.

విజయేందర్, అక్కను మాట్లాడుతున్న. ముందుగాల చెప్పు, నువ్వు ఎవని కొడుకువురా? … వడ్ల బ్రహ్మచారి కొడుకువు. రైల్వే వర్క్‌షాపుల ముప్పై ఆరేండ్లు రైలు డబ్బాలు జేసిన వడ్లాయన కొడుకువు. నీకు కట్టె గోకుడు యూట్యూబుల చూసి నేర్చుకునే గతి పట్టిందా?

… యోగిత అడిగిందా? ఏమని? … "నేచురల్ వుడ్." ఫోటోలకు మంచిగుంటదని. ఓహో. ఆదివారం ఇరవై ఒకటో రోజు, వియ్యపోళ్లు వస్తరు, తొట్టెల ఫోటోల మెరవాలె. పిల్ల ఎట్లున్నా ఫర్వా లేదు.

… నాకేం తెలుసంటవా? డిగ్రీల కెమిస్ట్రీ చదివిన్రా. నలభై ఏండ్ల కింద చదివితే ఏమాయె, సీసం మారిందా?

… ఆ, తలుపు కాల్చిన. ఒప్పుకుంటున్న. పోయినేడు మా దేవుని అర్ర తలుపుకు బ్లోల్యాంపు పెట్టి రంగు కాల్చిన. కాల్చి మూడు దినాలు తలకాయ పట్టుకొని కూసున్న. మీ బావ అన్నంల సుత రంగు వాసనే వస్తుందన్నడు. అది నా వంట గురించి అన్నడేమోనని నాకు ఇంకా అనుమానమే. మంట సుత పెట్టొద్దని అప్పుడే తెలిసింది. పొడి లేస్తే ఎంత పాపమో, పొగ లేస్తే అంతే పాపం. తర్వాత బొల్లారం నుంచి రోనాల్డ్ వచ్చి మంచిగ చేసిచ్చిండు. డెబ్బై రెండేండ్లు, పాలిష్ పని తప్ప వేరే పని ఎరుగడు, పదికి పది వేళ్లు ఉన్నయి. అందుకే ఆయన మాట వింట.

రాసుకో… రాసుకోకుంటే విను.

రిమూవర్ అని డబ్బాల దొరుకుతది, జెల్లు లెక్క. రబ్బరు గ్లౌజులు వేస్కోవాలె, దొడ్డువి. గిన్నెలు తోమే గ్లౌజులు ఆ జెల్లుకు పెరుగన్నం లెక్క కరిగిపోతయి. కండ్లకు అద్దాలు. చదివే అద్దాలు గాదు! బయట, నీడపట్టున చెయ్యాలె. ఎండల పెడితే ఊకె ఎండిపోతది. ఇంట్ల తలుపు మూస్కొని చేస్తే ఆ ఆవిరికి రంగు కన్నా ముందు మనిషి ఊడుతడు. దగ్గర పొయ్యి వద్దు, అగరుబత్తి వద్దు, నీ సిగరెట్టు…

… వసుధకు తెల్వదా? సారీ. వసుధా, ఏం లేదు, మాటకు అన్న.

ఆ జెల్లు దొడ్డుగ పుయ్యాలె. రుద్దొద్దు, అటిటు తిప్పొద్దు. పెరుగు తోడు పెట్టినట్టు పెట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి, మెదలకుంట కూసోవాలె. అదే నీకు కష్టమైన పని. రంగు మెత్తబడి, అరటి తొక్క లెక్క ముడతలు పడితే, అప్పుడు రేకు పట్టీ తీస్కొని కట్టె పోగు ఎటుంటే అటు లాగాలె. ఎనిమిది పూతలున్నయి గదా, ఒక్కసారికి రావు. రెండు పూతలు వస్తయి, మళ్ల పుయ్యి, మళ్ల కూసో. ఆఖరుకు మిగిలిన గరుకుకు వాటర్ పేపరనే గరుకు కాగితం, నీళ్లల తడిపి. ఎండు కాగితంతోని అస్సలే వద్దు.

… అవును, రెండు దినాలు పడ్తది. మిషనైతే గంట. ఆ గంట కోసమే గదా ఇంతసేపు తిడుతున్న.

… యోగితను మా ఇంటికి పంపుతవా? పురుడు తీరకముందు తల్లి గడప దాటొద్దని అమ్మ ఊకుంటదా? ఇక్కడ కూసొని మూడు సార్లు అడిగింది పొద్దుగాల్నుంచి, పిల్లను ఎవలన్న బయట తిప్పుతున్నరా అని. తల్లి దాటకపోతే పోనీ. తొట్టెలనే గడప దాటియ్యి! ట్రాలీ ఆటో పెట్టి బోయిన్‌పల్లికి పంపు. మా డాబా మీద రేకుల నీడ ఉంది. నేను చేస్త.

… థాంక్స్ వద్దు. మిషను వాపస్ ఇచ్చేసి రా.

ఆటోల ఎక్కించే ముందు ఆ గోకిన పలకను తడిబట్టతోని మంచిగ తుడువు. దారంట ఆ పొడి పోసుకుంట రావొద్దు.

… ఆ, ఉన్న. తుడువు.

ఎనిమిది పూతలు! పుట్టిన ప్రతి బిడ్డకు ఒకటి. పెద్దన్న రాఘవేందర్‌ది పచ్చ, అట్టడుగున. నాది గోధుమ రంగు. నీది గోధుమ రంగే, చిన్నోడు హరికిషన్‌ది సుత గోధుమ రంగే. పైన నాలుగు మన పిల్లలవి. చిన్నప్పుడు నేను నాయినను అడిగిన, నాకు గులాబి ఎందుకు వెయ్యలేదని. ఇప్పుడు సమజైతుంది, అది రైలు డబ్బా రంగు. వర్క్‌షాపుల ఏ రంగుంటే మన బాల్యానికి ఆ రంగు.

… ఏంది, ఆగినవు?

— గీతలా? ఏం గీతలు?

… రంగు పోయినకాడ మూడు అడ్డగీతలు. లోతుగ చెక్కినట్టు. అండ్ల పచ్చ రంగు ఇరికి ఉంది. … విభూతి రేఖలా! నాయిన శివుని గుర్తు చెక్కిండా? విజయేందర్, నాయిన జిందగీల ఒక్కసారన్న విభూతి పెట్టుకున్నడా? ఏదో పురుగు తిని ఉంటది. ఫోటో పంపు.

… వచ్చింది. ఆగు, అద్దాలు.

…

…

వసుధా, తొట్టెలను తిప్పు. లేకుంటే నువ్వే తల పక్కకు వంచు. … వంచినవా? ఇప్పుడు అవి అడ్డగీతలు గావు, నిలువు గీతలు. మూడు. కింద ముప్పై ఏడు అని అంకె. పక్కన గుండ్రంగ ముద్ర ఉంది, చూసినవా? అండ్ల ఏముంది, చదువు.

… అవును. రైల్వే.

అవి శివుని రేఖలు గాదమ్మా. రోమన్ల మూడు. థర్డ్ క్లాసు. ముప్పై ఏడో నంబరు సీటు.

…

హలో? … ఎవలు నవ్వుతున్నరు? యోగితనా? తలుపు తీసిందా! ముయ్యమను, నవ్వుడు లోపల నవ్వుమను.

… విజయేందర్ తొట్టెల పక్కన కూసొని గీతలు తడుముతున్నడా? ముట్టొద్దను.

… తెలుసు. బొల్లారంల దొర బంగ్లాల గాలికి పడ్డ టేకు చెట్టు, సొంత పైసలు పెట్టి కొన్నడు అనే కథ నాకు సుత తెలుసు. నలుగురం ఆ కథ వింటనే పెరిగినం. "ముప్పై ఆరేండ్ల సర్వీసుల రైల్వే నుంచి ఒక్క ఇనుప మొల ఇంటికి తెచ్చిన్నా?" అనేటోడు గదా, రోజు బువ్వ కాడ. కరెక్టే. మొల తేలేదు. బల్లనే తెచ్చిండు.

నాకు ఏడేండ్లప్పుడు, గుర్తుందారా, ఆఫీసు పెన్సిలు ముక్క ఒకటి సంచిల వస్తే, నన్ను చెయ్యి పట్టుకొని ఎండల నడిపించుకుంట పోయి వాపస్ ఇప్పించిండు. నా కాళ్లు బొబ్బలెక్కినయి. ఇంటికొచ్చి నేను ఏడ్సుకుంట కూసున్నదేమో థర్డ్ క్లాసు బల్ల పక్కన!

ఇంకొకటి ఆలోచించు. గోకొద్దు, గోకితే బిడ్డకు ఆయుష్షు తగ్గుతది, పూత మీద పూతనే వెయ్యాలె అనే మనింటి ఆచారం ఇంకే వడ్లోళ్ల ఇంట్లనన్న విన్నవా నువ్వు? ఇన్నేండ్లు మనం ఆచారమనుకున్నది… ముద్ర మూసుడు.

… ఏందీ? ఏం చేస్తడట?

వద్దు. విజయేందర్, వద్దు. ఇయ్యాలనే పైన ఇంకో పూత వేస్తవా? కొత్త రంగు వాసన ఐదు దినాలల్ల పోతదా? సగం గోకిన సీసం మీద కొత్త రంగు నిలుస్తదా? పెచ్చులు లేస్తది, ఆరు నెలలకు పండ్లు వచ్చినంక ఆ పిల్ల దాన్నే కొరుకుతది.

… నీ వియ్యంకుడు సుబ్బరాజుగారు చూస్తరని. ఆ. అది చెప్పు.

… అర్థమైంది వసుధా. ప్రేమ పెండ్లి, కోస్తా వాళ్లు, మాటకు ముందు మా తాతలు మా పొలాలు అంటరు. దానికి బదులు మీ ఆయన పెండ్లి పందిట్ల మా నాయిన నిజాయితీ గురించి అర్ధగంట ఉపన్యాసం ఇచ్చిండు. మీ వియ్యపురాలు జగదాంబగారు కునుకు తీసింది, నేను చూసిన. ఇప్పుడు ఆ సుబ్బరాజుగారు ఏం చేసి రిటైరైండు? … టికెట్ కలెక్టరు. రైళ్లల జన్మంతా "టికెట్ ఏది" అని అడిగిన మనిషి వచ్చి, మన తొట్టెల ముందు తల వంచి చూస్తడు.

నవ్వుతలేను. … కొంచెం నవ్వుతున్న.

కానీ ఒక్కటి విను. పోయినాయన పేరు కాపాడనీకె ఉన్న పిల్ల ఊపిరి పణం పెడ్తరా? పెట్టరు గదా. అయితే రంగు డబ్బా మూత పెట్టు. నేను ఆ సందుల్ల రంగంతా పుల్ల పెట్టి, జెల్లు పెట్టి తీస్త. తీసి, లక్క పాలిష్ కొట్టిస్త. ఆదివారానికి కాకపోతే చీర తొట్టెల కడదాం. పేరు పెట్టనీకె టేకు అక్కర్లేదు, చెవి ఉంటే చాలు.

… గీతలా? గీతలు పోవు. అంత లోతు చెక్కినయి, పోగొడితే పలకనే పోతది. ఉంటయి. … ఉంటే ఉండనీ అని నేనంటున్న, మీరు చూస్కోండి.

… అమ్మకా? అమ్మకు చెప్పొద్దా? ఎనభై రెండేండ్ల మనిషి తట్టుకోదంటవా?

ఏమో వసుధా, ఆమె ఇక్కడనే ఉంది. చిక్కుడుకాయ నారలు తీసుకుంట నా మొఖమే చూస్తుంది. నేను ఇంతసేపు థర్డ్ క్లాసు, థర్డ్ క్లాసు అని ఒర్రుతున్న గదా.

— ఏం లేదమ్మా. తొట్టెల గురించి. … ఆ, గోకిండు నీ కొడుకు. … ఆ, కనపడ్డది.

…

వసుధా, లైన్ల ఉన్నవా? అమ్మ "ఎన్నో నంబరు" అని అడుగుతుంది.

— ముప్పై ఏడమ్మా.

… "అయితే అది మొదటిది" అంటుంది.

ఆగు, ఆగు, నన్ను విననీ. … ఆ… ఆ… అయ్యో… అమ్మా, నిజమా!

విజయేందర్, వింటున్నవా? కూసునే ఉన్నవు గదా. లేవకు. తెచ్చింది నాయిన గాదు.

అమ్మ.

… అమ్మనే! రాఘవేందర్ కడుపుల ఉన్నప్పుడట. నాయినకు బువ్వ డబ్బా ఇయ్యనీకె రోజు వర్క్‌షాపు గేటుకు పోయేది గదా. పాత డబ్బాలు ఇరగ్గొట్టి, ఆ టేకు పలకలు కుప్ప పోసి పొయ్యిలకు పెడ్తున్నరట. నాయిన పోయి పెద్దసారును ఒక్క నాలుగు పలకలు అడిగిండట, పైసలు కట్టి కొంట అని. సారు ఇయ్యనన్నడట. నాయిన సరే అని ఊకున్నడు. అమ్మ ఊకోలేదు.

… ఎట్లనా? చీర కింద! కుచ్చెళ్ల లోపల కాలుకు కట్టుకొని, ఏడో నెల కడుపుతోని, డబ్బా చేతుల పట్టుకొని, కాలు వంచకుంట నడుసుకుంట గేటు దాటిందట. గేటు కాడ జవాను చూసి, పాపం, నొప్పులు షురూ అయినయనుకొని రిక్షా పిలిచిండట! దినానికొక పలక. నాలుగో రోజు ఆ జవాను "ఏందమ్మా, ఇంకా కాలేదా?" అన్నడట.

… నేను చెప్తలేను, ఆమె చెప్తుంది. చిక్కుడుకాయ చేతుల పట్టుకొని.

నాయిన చూసి మూడు దినాలు ముద్ద ముట్టలేదట. వాపస్ ఇస్తే పెండ్లాన్ని పట్టిస్తరు, ఉంచుకుంటే మనసు ఒప్పదు. ఆఖరుకు తొట్టెల జేసి, పచ్చ రంగేసి, గోకొద్దని ఒట్టు పెట్టించిండట. ఆయుష్షు మాట మాత్రం అమ్మదే. ఒట్టు కన్నా అదే గట్టిగ పని చేసిందంటుంది.

ఇగ ఆ బువ్వ కాడ ఉపన్యాసాలు… ఒక్క మొల తెచ్చిన్నా, ఒక్క మొల తెచ్చిన్నా అని… అవి మనకు గాదురా. మనం నలుగురం ఊరికెనే తలలు వంచుకొని తిన్నం. ఆయన ముప్పై ఏండ్లు అమ్మకు చెప్పుకున్నడు.

— నువ్వేం చేసేదానివి అమ్మా, ఆయన గట్ల అంటుంటే?

… "ఇంకో గరిటె పప్పేసేదాన్ని" అంటుంది.

…

ఆ, ఉన్న వసుధా. ఏం లేదు. కండ్లల్ల ఏదో పడ్డది… రంగు గాదు.

సుబ్బరాజుగారా? అమ్మ చెప్తదట. ఆదివారం తొట్టెల పక్కన కుర్చీ వేయమంటుంది. "టికెట్ లేకుంట తెచ్చిన సామాను నాది, నన్నడుగుమను" అంటుంది. గీతలు ఉంచమంటుంది, పిల్లకు చక్కగ సీటు నంబరు ఉందని. … విజయేందర్ ఏమంటున్నడు? … నాయిన ఫోటో దిక్కు చూస్తున్నడా? చూడనీ. ఇన్నేండ్లు ఆయనను ఊకె మొక్కిండు, ఇయ్యాల్నన్న పాపమనుకోనీ.

సరే మరి. ఆటోకు చెప్పు, తాళ్లు గట్టిగ కట్టుమను, నేను రిమూవర్ తెప్పిస్త. మీరు తడిగుడ్డ—

ఏంది అమ్మా?

… "మొదటిది" అంటే? ఇంతకుముందు సుత అన్నవు, మొదటిది అని. ఒక్కసారే గదా తెచ్చింది?

…

వసుధా.

అమ్మ నాలుగు వేళ్లు చూపెడ్తుంది. "నాలుగు సార్లు కడుపుతోని పోయిన గదా" అంటుంది.

… లేదు, నవ్వుడు ఆపు. ఆగు. నాయిన దాచి దాచి, నా పెండ్లికి చేసిచ్చిన టేకు బీరువా… ఆ, మా పడకింట్ల ఉన్నది. ముప్పై ఎనిమిదేండ్ల నుంచి నా పట్టుచీరలు, నా డిగ్రీ సర్టిఫికెట్టు ఉన్నది అండ్లనే. … ఏం రంగా?

గోధుమ రంగు.

— అమ్మా, బీరువా దిక్కు ఎందుకు చూస్తున్నవు? … గోకొద్దా? ఎందుకు గోకొద్దు?

ఉంట వసుధా. … ఏం చెయ్యను, ఏం గోకను. తెల్వదా నాకు? జెర తడిగుడ్డ పెట్టి, వెనక దిక్కు రంగు అంటని ఒక్క మూల తుడిచి చూస్త, అంతే.

… చెప్త, నంబరు చెప్త. పెట్టెయ్యి.